ఫోర్‌వీల్ డ్రైవు బండికి గాలి యెంత?

పెట్రోలు బంకులో బండి ఆగగానే, గాలి గొట్టము చేతబట్టుకొన్న కుఱ్ఱవాడు అడుగు ప్రశ్న యొక్కటే: "ఎంత పెట్టమంటారండీ?" యజమాని యేదో యొక అంకె చెప్పును. ఆ అంకె వెనుకటి బండి నాటిదో, డ్రైవరు చెప్పినదో, అప్పటికి నోటికి వచ్చినదో కావచ్చును. కొందఱు "ముందు ముప్పై, వెనుక ముప్పైరెండు" అందురు. మఱికొందఱు "అందఱికీ ఎంత పెడుతున్నావో అంతే పెట్టు" అని ఊరకుందురు. లక్షల రూపాయలు పోసి కొన్న బండియు, అందు కూర్చుండు అయిదాఱుగురి ప్రాణములును ఈ యంకెను అనుసరించి యున్నవని మనలో పెక్కుమందికి తోచదు. నేడు మేము ముచ్చటింపబోవునది ఆ యంకెను గూర్చియే. అందును ముఖ్యముగా, రోడ్డు మీదనే కాక రోడ్డు లేని చోటను పోవుటకై కట్టిన ఫోర్‌వీల్ డ్రైవు బండిని గూర్చి.

ఇంజను శక్తి నాలుగు చక్రములకును అందునట్లు కట్టినది ఫోర్‌వీల్ డ్రైవు బండి. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున పుట్టిన జీపు ఈ వంశమున మన మెఱిగిన పెద్ద. యుద్ధానంతరము విల్లీసు జీపులను మహీంద్రా సంస్థ మన దేశమున కూర్చి అమ్మినది. నాటి నుండి మన్యపు దారులలోను, అడవి బాటలలోను అధికారులకును, వైద్యులకును అది నమ్మిన బంటు. నేడు అదే జాతి బండ్లను పట్టణములందలి గృహస్థులును కొనుచున్నారు. కొన్నవారిలో ఒక భ్రమ కలదు. నాలుగు చక్రములు తిరుగు బండి యెచ్చటను దిగబడదని వారి నమ్మకము. కాని చక్రమును త్రిప్పుట ఇంజను పని. నేలను పట్టుకొనుట టైరు పని. అంతటి బండిని భూమితో కలుపునది ఒక్కొక్క టైరు క్రింద చాచిన హస్తమంత మేర మాత్రమే. ఆ మేర యెంత యుండవలెనో నిర్ణయించునది లోపలి గాలి.

దీని లెక్క కష్టమైనది కాదు. గాలి యొత్తిడిని మన దేశమున నేటికిని చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులని కొలుచుచున్నారు. మనుష్యులతోను సామానుతోను కలిపి రెండువేల కిలోల బరువు తూగు బండి నొకదానిని తీసికొందము. ఒక్కొక్క చక్రము మీద పడు భారము 500 కిలోలు, అనగా సుమారు 1,100 పౌనులు. టైరులో 32 పౌనుల ఒత్తిడి యున్నచో, ఆ భారమును మోయుటకు సుమారు 34 చదరపు అంగుళముల మేర నేలను తాకవలెను. ఒత్తిడిని 16 పౌనులకు దింపినచో ఆ మేర ఇంచుమించు రెట్టింపగును. టైరు గోడల బిగువు కూడ కొంత భారము మోయును గావున లెక్క అక్షరాల ఇట్లే రాదు. ఐనను త్రోవ యిదియే. గాలి తగ్గినకొలది టైరు నేల మీద పఱచుకొనును. అదియు ప్రక్కలకు కొంచెముగను, ముందు వెనుకలకు ఎక్కువగను పఱచుకొని, పొడవైన పట్టీవలె నగును.

ఈ సూత్రము మన రైతులకు క్రొత్తది కాదు. ఇనుప పట్టా వేసిన సన్నని బండి చక్రము తడి యిసుకలో కోసికొనిపోయి దిగబడును. ఒంటె పాదము వెడల్పై, మెత్తనై, ఇసుక మీద పఱచుకొనును గావున అంత బరువు మోయుచును సుఖముగ నడచును. గట్టిగా గాలి నింపిన టైరు బండి చక్రము వంటిది. గాలి తగ్గించిన టైరు ఒంటె పాదము వంటిది. గట్టి నేల మీద మొదటిది మేలు, మెత్తని నేల మీద రెండవది మేలు. కావున బండికి సరియైన గాలి యెంత యని అడిగినచో, ఎంత బరువుతో, ఎట్టి నేల మీద, ఎంత వేగముతో అని తిరిగి అడుగవలసి యుండును. ఈ మూడింటిలో నేది మాఱినను అంకె మాఱును.

మొదట తారు రోడ్డు సంగతి చూతము. ప్రతి బండికిని దానిని కట్టినవారు నిర్ణయించిన ఒత్తిడి యొకటి యుండును. డ్రైవరు తలుపు తెఱచినచో, తలుపు చట్రము మీద అంటించిన చిన్న చీటీలో అది కానవచ్చును. కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపలి వైపున నుండును. బండితో ఇచ్చిన పుస్తకమునను తప్పక యుండును. పెక్కు చీటీలలో రెండు వరుసలుండును: ఇద్దఱు ముగ్గురు కూర్చున్నప్పటి ఒత్తిడి యొకటి, నిండు మనుష్యులతోను సామానుతోను పోవునప్పటిది మఱియొకటి. రెండవ వరుసలో వెనుక చక్రముల అంకె పెద్దదిగ నుండుట మామూలు. తిరుపతికో, శ్రీశైలమునకో ఇంటిల్లిపాదియు బయలుదేరునప్పుడు చూడవలసినది ఆ రెండవ వరుస. టైరు ప్రక్కగోడ మీద అచ్చొత్తిన అంకెను చూచి అంత గాలి పెట్టించుకొనువారు కలరు. అది ఆ టైరు భరింపగల గరిష్ఠ పరిమితి. బండికి నిర్ణయించిన ఒత్తిడి కాదు.

ఒత్తిడిని కొలుచుటకు వేళ కలదు. చీటీలోని అంకె చల్లని టైరుకు చెప్పినది. బండి కనీసము మూడు గంటలు కదలక నీడపట్టున ఉన్న పిదప టైరు చల్లనిదని యెంచవచ్చును. తెల్లవాఱు వేళ దీనికి మంచి సమయము. గాలి వేడెక్కినచో ఒత్తిడి పెరుగును. పది డిగ్రీల సెంటీగ్రేడు తేడాకు సుమారు ఒకటి మొదలు ఒకటిన్నర పౌను వఱకు మాఱును. ఒంగోలులో ఉదయము 32 పెట్టించి బయలుదేరినవారు మిట్టమధ్యాహ్నము హైదరాబాదు దారిలో ఆగి కొలిచినచో 36 చూపవచ్చును. "ఎక్కువైనదండీ, తీసేస్తాను" అని బంకు కుఱ్ఱవాడనును. తీయనీయరాదు. ఆ పెరుగుదల వేడి వలన వచ్చినది. దానిని తీసి 32 చేసినచో, మఱునాటి యుదయమున ఆ టైరులో 28 మాత్రమే మిగులును. తక్కువ గాలితో నడచిన టైరు మఱింత వేడెక్కును. మఱల ఒత్తిడి పెరిగినట్లు తోచును. మఱల గాలి తీయుదురు. వేసవిలో ఈ పొరపాటు మిక్కిలి హాని చేయును.

గాలి తగ్గిన టైరు ఎందుకు వేడెక్కునో తెలిసికొనుట మంచిది. చక్రము తిరుగునపుడు నేలను తాకు భాగము ప్రతి చుట్టుకును వంగి మఱల సాగును. ఇనుప తీగను అటునిటు వంచిన కొలది అది వేడెక్కి, కడకు తెగుట మనము చూచినదే. రబ్బరును, దాని లోపలి త్రాళ్ళును అట్లే. గాలి తక్కువైనచో వంపు ఎక్కువగును. వేగము పెరిగినకొలది నిమిషమునకు వంపులు పెరుగును. బరువు పెరిగినకొలది ప్రతి వంపును లోతగును. తక్కువ గాలి, ఎక్కువ బరువు, ఎక్కువ వేగము, మండుటెండ: ఈ నాలుగును ఒక చోట కూడినప్పుడు టైరు పొరలు విడిపోవును. అది జరుగునప్పుడు డ్రైవరునకు ముందుగా ఏ సూచనయు కానరాకపోవచ్చును. ఎత్తుగా కట్టిన ఫోర్‌వీల్ డ్రైవు బండి, వేగములో ఒక టైరు పోయినచో, తల్లక్రిందులగుట సులభము.

ఈ విషయమున లోకమునకు గుణపాఠము నేర్పిన ఘటన అమెరికాలో జరిగినది. ఫోర్డు కంపెనీ వారి ఎక్స్‌ప్లోరరు అను బండికి ఫైర్‌స్టోన్ కంపెనీ వారి టైర్లు వేసెడివారు. 1990 తరువాతి సంవత్సరములలో ఆ టైర్ల పైపొర వేగములో ఊడిపోయి బండ్లు బోల్తాపడుట మొదలైనది. ప్రమాదములు ఎండలు మెండైన దక్షిణ రాష్ట్రములలో ఎక్కువగ జరిగెను. మృతుల సంఖ్య రెండు వందలు దాటెను. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ వారు సుమారు 65 లక్షల టైర్లను వెనుకకు తీసికొనుటకు పూనిరి. అప్పుడు బయటపడిన సంగతులలో ఒత్తిడి అంకె యొకటి. ఆ బండికి ఫోర్డు వారు చెప్పినది 26 పౌనులు. ఫైర్‌స్టోన్ వారు చాలదని, 30 ఉండవలెనని అనిరి. తప్పు టైరు నిర్మాణముదా, బండిదా, గాలిదా అని రెండు కంపెనీలును చాలకాలము వాదించుకొనెను. టైరు లోపమే ప్రధానమని ప్రభుత్వ విచారణలో తేలినది. ఐనను, లోపము గల టైరును తక్కువ గాలితో, నిండు బరువుతో, ఎండలో, వేగముగ నడపుట ఆ లోపమును మృత్యువుగ మార్చునని అందఱును గ్రహించిరి. నాలుగు పౌనుల తేడా చిన్నదని మనము అనుకొందుము. మొదటనే తక్కువగ నున్న అంకె నుండి, నెలల తరబడి చూడక విడిచిన టైరులో మఱి నాలుగైదు పౌనులు సహజముగనే దిగిపోయినచో ఆ తేడా చిన్నది కాదు.

ఆ సంవత్సరమే అమెరికా చట్టసభ ఒక చట్టము చేసినది. దాని ఫలముగ, టైరులో గాలి తగ్గినపుడు డ్రైవరు ఎదుట దీపము వెలుగు ఏర్పాటు క్రొత్త బండ్లన్నిటికిని తప్పనిసరియైనది. నేడు మన దేశమున అమ్ము బండ్లలోను అట్టి దీపము పెక్కింటికి కలదు. అది యున్నదని నిశ్చింతగ నుండరాదు. అమెరికా నియమము ప్రకారము, నిర్ణయించిన ఒత్తిడిలో నాలుగవ వంతు తగ్గిన పిమ్మట అది వెలిగినను చాలును. అనగా 32 ఉండవలసిన టైరు 24కు వచ్చు వఱకు దీపము మౌనముగ నుండవచ్చును. వంట గ్యాసు వాసన వచ్చిన తరువాత రెగ్యులేటరు చూచుకొనుట వంటిది అది. వారమునకో, పదునైదు దినములకో ఒకసారి గేజీతో చూచుకొనుటకు సాటి రాదు.

ఇక రోడ్డు విడిచి ఇసుకలోనికి పోదము. గోదావరి లంకలకు వేసవిలో ఇసుక తిన్నెల మీదుగ పోవువారికిని, అనంతపురము జిల్లాలో ఎండిన చిత్రావతిని, పెన్నను దాటువారికిని ఇది నిత్యానుభవము. రోడ్డు మీది 32 పౌనులతో ఇసుకలో దిగిన బండి ముందు కొంత దూరము పోయి, మెల్లగ మూలిగి, కడకు ఇరుసుల దాక కూరుకొనిపోవును. దానిని లాగుటకు వచ్చిన ట్రాక్టరును కొన్నిసార్లు దిగబడును. అదే బండిని 16 మొదలు 18 పౌనులకు దింపి నడిపినచో, పెక్కుసార్లు ఆగకుండ దాటిపోవును.

ఈ కిటుకును ఎడారిలో పద్ధతిగ వాడి చూపినవారిలో రాల్ఫ్ బాగ్నోల్డు అను ఆంగ్ల సైనికాధికారి ముఖ్యుడు. 1920-30ల ప్రాంతమున ఆయనయు, ఆయన మిత్రులును మామూలు ఫోర్డు కార్లతో ఈజిప్టు, లిబియా దేశముల నడుమ నున్న మహా సికతా సముద్రమును దాటిరి. ఆ కార్లకు నాలుగు చక్రముల శక్తి లేదు. టైర్లలో గాలి తగ్గించుట, దిగబడినపుడు చక్రముల క్రింద ఇనుప రేకులు పఱచుట, ఇసుక యే చోట గట్టిగ నుండునో కంటితో కనిపెట్టుట: వారి సాధనములు ఇవియే. ఆ యనుభవము నుండియే ఆయన ఇసుక కదలికను శాస్త్రముగ పరిశీలించి 1941లో గ్రంథము ప్రకటించెను. నాలుగు చక్రముల శక్తి లేకయే వారు సాధించిన దానిని, ఆ శక్తి యుండియు మనము పోగొట్టుకొనుటకు కారణము తఱచుగా ఎక్కువ గాలియే.

ఇసుకలో గాలి తగ్గించినవారు మూడు నియమములు మఱువరాదు. దిగబడక ముందే, గట్టి నేల మీదనే గాలి తీయవలెను. వేగము గంటకు 30, 40 కిలోమీటర్లు మించరాదు. చక్రమును ఒక్కసారిగ త్రిప్పరాదు, గట్టిగ బ్రేకు వేయరాదు. 15 పౌనుల క్రిందికి దిగినకొలది టైరు అంచు రిమ్మును పట్టుకొను బిగువు తగ్గును. ఒక్క విసురు మలుపులో టైరు రిమ్ము నుండి ఊడి వచ్చును. బండి దిగబడినచో యాక్సిలరేటరు త్రొక్కుట గోయి త్రవ్వుకొనుటయే. దిగి, చక్రముల ముందటి యిసుక తీసి, మఱి రెండు మూడు పౌనులు తగ్గించి, వచ్చిన జాడలోనే వెనుకకు రావలెను. సముద్రపు టొడ్డున మాత్రము అనుమతి లేనిదే బండి దింపరాదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరమున ఇసుకలో గ్రుడ్లు పెట్టును. చక్రము క్రింద ఏమి నలుగుచున్నదో పైనున్నవారికి తెలియదు.

ఇతర నేలల సంగతి క్లుప్తముగ చెప్పుదము. కంకర దారులలోను, గతుకుల మట్టి బాటలలోను రోడ్డు ఒత్తిడిలో నాలుగవ వంతు లోపుగ తగ్గించినచో టైరు రాళ్ళను కొంత మ్రింగుకొని పోవును. కుదుపు తగ్గును, కోతయు తగ్గును. వేగమును అంతకు తగినట్లు తగ్గించుకొనవలెను. బండరాళ్ళ మీద నడక వేగముతో ప్రాకునపుడు 20 పౌనుల ప్రాంతము తగును. నల్లరేగడి తీరు వేఱు. తడిసిన రేగడి టైరు గాళ్ళలో జిగటగ నిండి టైరును నున్నని బంతివలె చేయును. కొంత గాలి తగ్గించినచో కొంత మేలే గాని, అది మంత్రము కాదు. పైన పలుచని బురదయు, క్రింద గట్టి నేలయు ఉన్నచో గాలి తగ్గింపకుండుటయే మంచిది. బిగువైన టైరు బురదను కోసికొని అడుగును అందుకొనును. లోతైన రేగడిలో వాన వెలిసి నేల ఆఱు వఱకు ఆగుటయే తెలివి. అరకు, మారేడుమిల్లి వంటి ఘాటు రోడ్లు ఎంత అడవిలో నున్నను తారు రోడ్లే. అచ్చట మలుపులలో టైరు గోడ బిగువుగ నుండవలెను గావున చీటీలోని ఒత్తిడియే యుండవలెను. వానలో తారు రోడ్డు మీదను అట్లే. తక్కువ గాలి యున్న టైరు నీటిపొర మీద తేలిపోవుట త్వరగ జరుగును.

ఇంతవఱకు చెప్పినదంతయు ఒక్క మాటలో నిమిడ్చినచో, గాలి తీసినవాడు ఋణగ్రస్తుడు. ఇసుకలో 16 పౌనులు ప్రాణదాత. అదే 16 పౌనులతో జాతీయ రహదారి యెక్కి 100 కిలోమీటర్ల వేగమున పోవుట ప్రాణాంతకము. తీసిన గాలిని రోడ్డెక్కిన చోటనే తీర్చివేయవలెను. "పది మైళ్ళలో బంకు ఉన్నదిగదా" అని బయలుదేరుట ఈ విద్యలో అన్నిటికంటె పెద్ద ప్రమాదము. బ్యాటరీతో నడచు చిన్న గాలి పంపు బండిలో నున్నప్పుడే గాలి తీయుటకు మనకు అర్హత కలుగును. పంపు లేనిచో, బంకు చేరు వఱకు గంటకు 40 కిలోమీటర్లు మించక, ప్రక్కకు ఒదిగి పోవలెను. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా వారు నేల మీదను నీటి మీదను నడచునట్లు కట్టిన డక్ అను లారీకి, డ్రైవరు తన చోటు విడువకయే టైరులోని గాలిని తగ్గించి పెంచు యంత్రము అమర్చిరి. ఒడ్డున ఇసుకలో తగ్గించుట, రోడ్డున పెంచుట, ఈ రెండును ఒకే పనిలో రెండు భాగములని దానిని కట్టినవారు ఎఱుగుదురు. మనకు ఆ యంత్రము లేదు గావున ఓపిక కావలెను.

మీ బండికి పెట్టిన అంకె సరియైనదో కాదో టైరే చెప్పును. ఆస్ట్రేలియాలో ఈ బండ్లు నడపువారు ఒక తేలిక లెక్క వాడుదురు. బయలుదేరక ముందు చల్లని టైరును కొలుతురు. గంటసేపు నడిచిన పిదప మఱల కొలుతురు. నాలుగు పౌనుల ప్రాంతమున పెరిగినచో సరిగ నున్నది. అంతకు చాల మించి పెరిగినచో టైరు మితిమీఱి వేడెక్కుచున్నది, అనగా మొదట పెట్టిన గాలి చాలలేదు. పెరుగుదల మఱీ తక్కువైనచో గాలి ఎక్కువగ నున్నది. కొలత అంతటితో ఆపి, వేడి టైరు గాలిని మాత్రము తీయరాదు. అరుగుదలయు సాక్ష్యము చెప్పును. రెండు అంచులు అరిగి నడుమ మిగిలినచో గాలి తక్కువతో నడచినది. నడుమ అరిగి అంచులు మిగిలినచో ఎక్కువతో నడచినది. నైట్రజను నింపినచో ఈ బాధ లుండవని కొందఱు చెప్పుదురు. మనము పీల్చు గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగ నైట్రజనే కలదు. దానికై డబ్బు పోయుట కంటె నెలకు రెండుసార్లు గేజీ పెట్టుట మేలు.

ఇంటింట చేయదగినది ఇంతే. మంచి గేజీ నొకదానిని కొని బండిలో నుంచుకొనుడు. బంకులోని మీటర్లన్నియు ఒక్క తీరుగ చూపవు. చీటీలోని రెండు వరుసలను ఒక కాగితము మీద వ్రాసి, డ్రైవరు ఎదుటనే అంటించుడు. బండి నడపువాడు జీతగాడైనచో, ఆ అంకెల అర్థము ఆతనికి ఓపికతో చెప్పుడు. ఆతని ప్రాణమును ఆ బండిలోనే యున్నది. నాలుగు టైర్లతో పాటు స్టెప్నీని కూడ చూడుడు. అవసరమునాడు దానిని దింపి చూచినపుడు గాలి లేకున్నచో అది ఉండియు లేనట్లే. వాల్వు మూతలు పోకుండ చూచుకొనుడు. ఈ పని యంతయు పది నిమిషములకు మించదు. దూరప్రయాణమునకు ముందు రాత్రి పెట్టెలు సర్దుకొను శ్రద్ధలో నాలుగవ వంతు దీనికి చాలును. ఇక బంకులో కుఱ్ఱవాడు ఎంత పెట్టమందురని అడిగినచో, తడుముకొనక, నేటి బరువును, నేటి దారిని తలచుకొని సమాధానము చెప్పగలరు.